కెమెరాకు బొట్టు

కొత్తగూడ ఫ్లైఓవర్ మీద నా కళ్లు మూతపడ్డాయి. కారు గోడకు రాసుకున్న చప్పుడుకు మెలకువ వచ్చి పక్కకు ఆపాను.

వెనక సీట్లో మా క్యాబ్ కంపెనీ సేఫ్టీ మేనేజరు కిరణ్మయి మేడం. కంపెనీ ఇచ్చే బహుమతి అందుకోవడానికి వెళ్తోంది.

"ఛీ, పడుకుని నడుపుతావా! కునుకు పడితే ఈ కెమెరా మోగాలి కదా, దాన్నేం చేశావు?"

ముందుకు వంగి చూసింది. కెమెరా కంటి మీద ఎండిపోయిన కుంకుమ.

"ఎవరు పెట్టారిది?"

"మీరే మేడం. దసరాకు అన్ని బండ్లకు పూజ చేసిన్రు కద, అప్పుడే కెమెరాలకు గూడ పెట్టిన్రు. తుడిస్తే మంచిగుండదని మేమెవ్వరం ముట్టలే."

దసరా నుంచి ఏ డ్రైవరూ కునుకు తీయలేదనే ఆమెకు ఆ బహుమతి. అలసటే లేదని మాకు డబుల్ డ్యూటీలు. నేను నిన్న ఎక్కిన బండి ఇంకా దిగలేదు.

టిష్యూ తడిపి కుంకుమ తుడిచింది. నా ముఖం కనబడగానే కెమెరా కీచుమని మొత్తుకుంది. హమ్మయ్య, ఇక ఇంటికి పంపిస్తుందనుకున్నాను.

మేడం తన నుదుటి స్టిక్కర్ బొట్టు తీసి కెమెరా కంటికి అంటించింది. చప్పుడు ఆగింది. హ్యాండ్‌బ్యాగులోంచి ఇంకో బొట్టు తీసి, అద్దంలో చూసుకుంటూ తను పెట్టుకుంది.

"పోనివ్వండి వేణు గారూ, టైమవుతోంది."

ఆమె నన్ను గారూ అనడం అదే మొదటిసారి.