అమ్మకు తగిలిన గిఫ్టు కార్డు

“కార్డు నంబరు కొట్టేశావా? నా ఫోన్లోనా? అదీ ఇవాళేనా?”

రొట్టెల దుకాణం ఆయన పిండి చేతులతోనే తల పట్టుకున్నాడు. ఉన్న నాలుగు నల్లవెంట్రుకలూ తెల్లబడ్డాయి.

“కొట్టేశాను నాయనా,” అంది తల్లి, తాపీగా దిండు గలీబు అంచు మడుస్తూ. “లక్కీడ్రాలో తగిలిన గిఫ్టు కార్డు. ఊరికే డబ్బాలో పడి మూలుగుతోంది. నీకు బూట్లు తెప్పిస్తున్నాను. ఎప్పుడూ ఆ పిండి చెప్పులేనా?”

“బూట్లు తర్వాతమ్మా! మధ్యాహ్నం బ్యాంకులో నా క్రెడిట్ స్కోరు చూస్తారు. పొద్దున్నే నా ఫోన్లో కార్డు వాడితే అది ఢామ్మని పడిపోదూ? అప్పివ్వకపోతే కొత్త పొయ్యి ఎక్కణ్ణించి తేను?”

పొయ్యి సంగతి నిజమే. దుకాణంలో పాత పొయ్యికి తలుపు ఊడిపోతే, ఇనప స్టూలొకటి అడ్డంపెట్టి నెట్టుకొస్తున్నారు. రొట్టె ఓ పక్క బొగ్గు, ఇంకో పక్క ముద్ద. రోజూ వచ్చేవాళ్ళు మొహమాటానికి కొంటున్నారు గానీ, ఆ మొహమాటం కూడా అడుగంటింది. పొయ్యి మారకపోతే దుకాణానికి తాళమే. అందుకే, అప్పనే మాట వింటే ఆమడ దూరం పరిగెత్తే మనిషి మొట్టమొదటిసారి అప్పడగడానికి ఒప్పుకున్నాడు.

గబగబా ఫోన్ తీసి ఆర్డరు రద్దు చెయ్యబోయాడు. పార్సెల్ బయల్దేరిపోయిందని వచ్చింది.

“అసలా డ్రాలకు నిన్నెవరు వెళ్ళమన్నారమ్మా?”

“నా అదృష్టాన్ని ఆడిపోసుకోకురా. ఫ్రిజ్ తగల్లేదూ? పిండి కలిపే మిషను తగల్లేదూ? ఇదిగో, ఈ కుట్టుమిషను తగల్లేదూ? అప్పుడు నోరెత్తావా?”

కోడలికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. మంచినీళ్ళ వంకతో లోపలికెళ్ళిపోయింది.

“అత్తయ్య చెయ్యి అలాంటిదండీ. చీటీ తీస్తే తగలాల్సిందే,” అంది అక్కణ్ణించే, నవ్వాపుకుంటూ.

“ఆ చేత్తోనే నా స్కోరు తీసింది!”

“నేనూ వస్తాను పద,” అని లేచింది తల్లి. “తప్పు నాదని ఆ బ్యాంకు ఆఫీసరమ్మకు నేనే చెబుతా. తిడితే నన్నే తిడుతుంది.”

బ్యాంకులో ఆయన కుర్చీలో సరిగ్గా కూర్చోనైనా లేదు.

“మేడమ్, ముందే చెప్పేస్తున్నా. నేను ఏ పాపమూ ఎరగను. మా అమ్మ ఆన్లైన్లో గిఫ్టు కార్డు వాడేసింది. స్కోరు పడుంటే అది నా బుద్ధి కాదు, ఆవిడ కొన్న బూట్లు!”

ఆఫీసరమ్మ నవ్వింది. “గిఫ్టు కార్డంటే ముందే డబ్బు పోసిపెట్టిన డబ్బా అండీ. పోసినంతే ఖర్చవుతుంది. అందులో అప్పెక్కడుంది? దాంతో బూట్లు కొన్నా, బుడగలు కొన్నా స్కోరు పెరగదు, తరగదు.”

“చూశావా!” అంది తల్లి.

కొడుకు ఊపిరి పీల్చుకున్నాడు. ఆఫీసరమ్మ కంప్యూటర్లో ఏదో కొట్టి, కాసేపు చూసి, మళ్ళీ కొట్టింది. మొహంలో నవ్వు పోయింది.

“అయినా తరగడానికి ఉంటేగా! మీకసలు స్కోరే లేదండీ.”

“లేకపోవడమేంటి మేడమ్? నేనెవరికీ పైసా బాకీ లేను!”

“అదే చిక్కు. ఎప్పుడూ అప్పు తీసుకోలేదు, తీర్చలేదు. రేపు మాకు తీరుస్తారో లేదో ఎలా తెలుస్తుంది? మీ ఇంట్లో వాయిదాలు సక్రమంగా కట్టే అలవాటున్నవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా? వాళ్ళు మీతోపాటు సంతకం పెడితే ఇవ్వచ్చు.”

“మా ఇంట్లోనా?” ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. “వాయిదాల మీద కొనడం మా ఇంటా వంటా లేదు మేడమ్. అందుకే మా ఇంటికొచ్చే వస్తువులు కూడా మా అమ్మ అదృష్టం మీద వస్తాయి. పదమ్మా, పోదాం. తాళం నేనే కొంటా, రొక్కం ఇచ్చి.”

తల్లి కదల్లేదు. సంచీలోంచి కళ్ళజోడు తీసి, తుడిచి పెట్టుకుంది.

“ఎక్కడ పెట్టాలి తల్లీ సంతకం?”

“నువ్వేం అప్పు చేశావని నీ సంతకం?” అన్నాడు కొడుకు.

“ఫ్రిజ్జు,” అని చిటికెన వేలు ముడిచింది తల్లి. “పిండి కలిపే మిషను. కుట్టుమిషను.”

“అవన్నీ డ్రాలో తగిలినవి కదమ్మా!”

“వాయిదాల మీద తెచ్చానంటే గడప దాటనిచ్చేవాడివా? గలీబులు కుట్టిన డబ్బుల్తో నెలనెలా కట్టుకున్నాను. నీ పెళ్ళానికి తెలుసులే.”

ఆఫీసరమ్మ ఆవిడ వివరాలు అడిగి చూసి, కుర్చీలో నిటారుగా సర్దుకుంది. “ఒక్క వాయిదా కూడా ఆలస్యం లేదు! అమ్మగారూ, మీ సంతకం చాలు, పొయ్యి వచ్చినట్టే!” అంటూ కలం చేతికిచ్చింది.

కొడుకు నోరు తలుపూడిన పొయ్యిలా తెరుచుకుపోయింది.

“పోనీ ఆ గిఫ్టు కార్డయినా డ్రాలో తగిలిందేనా అమ్మా?”

తల్లి సంతకం ముగించి, కళ్ళజోడు మడిచింది.

“అదొక్కటే ఊరికే వచ్చింది నాయనా! ఆఖరి వాయిదా గడువుకు ముందే కట్టేశానని షాపువాళ్ళు మెచ్చుకుని ఇచ్చారు.”