జేబు సైజు రాజ్యాంగం

ఆఫీసరుగారు మా బైండింగ్ షాపులో వంద రాజ్యాంగం పుస్తకాలు దించారు. "జేబులో పట్టాలి. చుట్టూ కోసెయ్ తమ్ముడూ!"

ఒకటి కోశాను. ‘పౌరులందరికీ’ అన్న మాట కాగితం మీద మిగిలింది. దాని పక్కనున్న హక్కులు చెత్తబుట్టలో పడ్డాయి. నాకు ఒళ్లు మండింది.

"ఇక చచ్చినా కొయ్యను సార్. ఇది జనం సొత్తు!"

"జనమా?" ఆయన సంచిలోంచి తన ఆఫీసు రిజిస్టరు తీసి తెరిచారు. "ఎవరైనా తీసుకెళ్లి చదవండ్రా అని ఈ పుస్తకాల్నే పదేళ్లుగా మా బల్ల మీద పెట్టి ఉంచాం. ఒకే ఒక్కడు సంతకం పెట్టి పట్టుకెళ్లాడు. వాడు ఒక్క పేజీ చదివానన్నా ఈ కోత ఆపేస్తాను. ఎవడో చూడు."

సంతకం నాదే.

ఈ కటింగ్ మిషను ఊగుతోందని దాని కాలి కింద పెట్టడానికి ఆ పుస్తకం తెచ్చాను. ఇంకా అక్కడే ఉంది. అందుకే కోత అంత తిన్నగా వచ్చింది.