చేయకూడని అయిదు పనులు

“నడుమల బ్యాటరీ తీస్తే ఏమైతది మేడం?”

ఫోన్లో ఆ మనిషి ఇదే మాట అడగడం మూడోసారి. గల్ఫ్‌లో, రూవీలోని స్కోపుల సర్వీసు సెంటర్లో హెడ్‌ఫోన్ సర్దుకుంటూ విజేత ఓపిక తెచ్చుకుంది.

“చెప్పానుగా గణపతిగారూ. అప్‌డేట్ నూరు శాతం అయ్యేదాకా బ్యాటరీ ముట్టుకోకూడదు.”

“ముట్టుకుంటే?”

“డెడ్ అయిపోద్దండి. ఇక్కడికి తీసుకురావాలి. బాగుచేయడానికి పది రోజులు పడుతుంది.”

“పది దినాలా?” అని గణపతి రెట్టించి అడిగాడు.

పాపం, ఎంత భయపడిపోతున్నాడో అనుకుంది విజేత. గణపతిది జగిత్యాల దగ్గర పల్లె. నిజ్వా దాటాక ఎడారి అంచున అర్బాబ్ అని పిలిచే ఒక అరబ్బు యజమాని దగ్గర మేకలు కాస్తాడు. ఆ అర్బాబ్ తన తుపాకీకి బిగించే థర్మల్ స్కోప్ ఈ సెంటర్లోనే కొన్నాడు. చీకట్లో కూడా ఒంటి వేడిని పసిగట్టి, ప్రాణి ఎక్కడుందో చూపించే వస్తువది. మధ్యాహ్నం భోంచేశాక దానికి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడం మొదలుపెట్టి, చూస్తూ ఉండమని గణపతికి అప్పగించి, ఆయన కునుకు తీస్తున్నాడు. యజమాని వస్తువు పనివాడి చేతిలో పెడితే ఒడిలో నిప్పు పెట్టుకున్నట్టే.

“ఇవాళే ఎక్కించాలని అంత తొందరేమిటండీ?”

“వాగుల తోడేలు తిరుగుతుందంటుండు మా అర్బాబ్. రెండు మేకపిల్లలు పోయినయ్. మొన్న పొద్దుగూకినంక ఏదో వంగి పోతుంటే కనబడ్డదట. ఈ మాపటికి మగ్రిబ్ నమాజ్ గాంగనే తుపాకి పట్టుకొని గుట్ట మీద కూసుంటడట.”

“మరింకేం. కొత్తది ఎక్కితే కిలోమీటరు అవతల ఉన్నా దొరికిపోద్ది.”

“పాతదాంట్ల గంత దూరం కనబడదా?”

“అందులో సగం కూడా కనబడదు.”

గణపతి మెల్లగా అడిగాడు.

“మేడం, అండ్ల మనిషికీ తోడేలుకూ ఫరక్ తెలుస్తదా? నేను గూడ మేకల ఎంబడి తిరుగుత గద.”

విజేతకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. “అంత దూరం నుంచి అన్నీ తెల్లటి మచ్చలేనండి. వంగి నడిస్తే అసలు తెలీదు. ఇవాళ చీకటి పడ్డాక మీరు షెడ్డులోంచి బయటికి రాకండి. ఇప్పుడెంత శాతం అయింది?”

“నలబై ఒకటి.”

విజేత మళ్ళీ మొదటి నుంచీ చదివింది. చేయకూడని పనులు అయిదు. బ్యాటరీ తీయకూడదు, కేబుల్ లాగకూడదు, బటన్ నొక్కకూడదు, ఎండలో పెట్టకూడదు, పక్కకు జరపకూడదు. ఫోన్ చేసిన ప్రతివాళ్ళకూ రెండుసార్లు చదివి వినిపించాలని సెంటర్ రూలు. పోయిన నెల ఒకాయనకు చదవడం మరిచిపోయి మేనేజర్ సూర్యప్రకాశ్ చేత నలుగురిలో చీవాట్లు తింది. అప్పట్నుంచి నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేస్తుంది. గణపతి ఒక్కొక్కటీ ఎక్కాలు నేర్చుకునేవాడిలా తిరిగి పలికాడు.

“అన్నిటికన్న డేంజర్ ఏది మేడం?”

“బ్యాటరీయేనండి.”

పావుగంటకు మళ్ళీ అదే నంబరు.

“పోయింది మేడం. బ్యాటరీ ఊడొచ్చింది. తెర నల్లగైంది.”

“ఎలా ఊడింది? మళ్ళీ పెట్టి చూడండి. ఎర్ర లైటు వెలుగుతోందా?”

“ఏం లేదు. ఇగ పది దినాల దాక పనిచెయ్యది గద? పక్కానా?”

“పక్కా.”

గణపతి గట్టిగా ఊపిరి వదిలాడు. ఏడుపు ఆపుకుంటున్నాడనుకుంది.

“మీ అర్బాబ్ ఊరుకుంటాడా?”

“ఏమన్న అననియ్యి మేడం. ఇంటికి తోలితే పోత.”

ఆ మాట విజేతను కుదురుగా కూర్చోనివ్వలేదు. డేంజర్, డేంజర్ అని బెదరగొట్టి అతని చేతులు వణికేలా చేసింది తనేననిపించింది. తన నోటి చలవ వల్ల ఒకడి పొట్ట కొట్టడమా? మంచితనం ఒక్కోసారి కాళ్ళు కట్టేసినా ఆగదు. రిపేరు పనిమీద నిజ్వా వెళ్ళిన టెక్నీషియన్ ఖమరుద్దీన్‌కు ఫోన్ చేసింది. అతని బండిలో అలాంటిదే డెమో స్కోప్ ఉంది, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించినదే. తర్వాత రికార్డుల్లో నంబరు వెతికి అర్బాబ్‌ను నిద్ర లేపింది. తప్పు మీ మనిషిది కాదు, మా అప్‌డేట్‌లోనే లోపం ఉందని నిలువునా అబద్ధమాడింది. ఆయన మొదట కస్సుమన్నా, ఇంకోటి వస్తోందని తెలిసి చల్లబడ్డాడు.

విజేతకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే గణపతికి ఫోన్ కలిపింది.

“గణపతిగారూ, ఇంక భయం లేదు. మా మనిషి ఇంకో స్కోప్ తెస్తున్నాడు. అయిదింటికల్లా మీ దగ్గరుంటాడు. మీ అర్బాబ్‌తో కూడా మాట్లాడాను. మీ ఉద్యోగానికి ఢోకా లేదు.”

మేకల అరుపుల మధ్య గణపతి గబగబా అన్నాడు.

“వద్దు మేడం. ఆయన్ని వాపస్ పిలువుండ్రి.”

“అదేమిటండీ, ఊరికే వాడుకోవడానికిస్తున్నాం.”

“మీ కాళ్ళు మొక్కుత. ఆ బండి ఆపుండ్రి.”

“ఎలా ఆపమంటారు? మీ అర్బాబ్ అప్పుడే తుపాకీ తుడుచుకుంటున్నానన్నాడు. ఆ తోడేలు పీడ ఇవాళ్టితో వదిలిపోద్ది.”

ఎవరైనా వింటారేమోనన్నట్టు గణపతి గుసగుసగా అన్నాడు.

“పనికాడికెల్లి పారిపోయొచ్చి వాగుల దాక్కున్నది తోడేలు గాదు మేడం, నా తమ్ముడు.”