నా ఒక్క హోమ్ రన్

బంతిని మైదానం అవతలికి బాది హోమ్ రన్ కొట్టిన నన్ను మర్నాడే జట్టులోంచి తీసేసిన కోచ్‌ని ఏమనాలి? ఇరవై ఏళ్లుగా పేపర్లో బేస్‌బాల్ గురించి రాస్తూ, ఏదో ఒక వంకన ఆ ముసలాణ్ణి తిడుతూనే ఉన్నాను.

నిన్న అయోవాలో చిన్న లీగు మ్యాచ్ రాయడానికి వెళ్తే లోనీ కనిపించాడు. ఆ హోమ్ రన్ రోజు నేను బ్యాటు పట్టి నిలబడితే, బంతులు పట్టడానికి నా వెనక కూర్చున్న అవతలి జట్టు క్యాచర్ వాడే.

"పోయినోణ్ణి ఇంకా ఎందుకు తిడతావురా, డ్వేన్?" అన్నాడు పొద్దుతిరుగుడు గింజల పొట్టు ఉమ్ముతూ.

"హోమ్ రన్ కొట్టానా, లేదా?"

"కొట్టావులే. ఆట మధ్యలో మీ కోచ్ మా బెంచీ దగ్గరికొచ్చాడు. 'వీడికి రేపట్నుంచి ఆట లేదు, ఒక్క మంచి బంతి వెయ్యండ్రా' అని బతిమాలాడు. మేమెలాగూ గెలుస్తున్నాం. మెల్లగా, సరిగ్గా మధ్యలోకి, మా బంతి వేసేవాడికి సైగ చేసి నేనే వేయించాను."

"అందరికీ తెలుసా?"

"నీకు తప్ప."

ముసలాడు తిట్టుకోవడానికి కూడా ఏమీ మిగల్చకుండా పోయాడు.

ఆ రోజు అవతలి జట్టు కూడా లేచి చప్పట్లు కొట్టింది. బేసులన్నీ చుట్టి వచ్చి హోమ్ ప్లేటు తొక్కుతూ నేను లోనీ వైపు వేలు చూపించి అరిచాను: "రేపు కూడా ఇంతేరా, కాచుకో!"

వాడు ముఖం మీది మాస్కు తీయలేదు.