రెండు పొయ్యిల స్టవ్వు

“స్టవ్వేదమ్మా?”

టీ బండి ఆమె గ్లాసులు కడగడం ఆపలేదు. అప్పుల సంఘం తనిఖీదారు బండి చుట్టూ ఒకటికి రెండుసార్లు తిరిగాడు. రెండు పొయ్యిల స్టవ్వు కొంటానని ఆమె అప్పు తీసుకుంది. కొన్నట్టు రసీదు కూడా ఉంది. బండి మీద మాత్రం మసి పట్టిన పాత ఒంటి పొయ్యే ఉంది.

ఆమె మొదట బాగు చేయించడానికి ఇచ్చానంది. కొని నెలే కదా అయిందంటే, చెల్లెలి ఇంట్లో ఉందంది. ఆ చెల్లెలి ఇల్లెక్కడంటే, కడిగిన గ్లాసే మళ్లీ కడిగింది. తనిఖీదారుకు ఒళ్లు మండింది. అసలే ఆయన తన నీడను కూడా రసీదు అడిగే రకం.

“అమ్ముకు తిన్నావా, ఇంకొకరికిచ్చావా? ఏదైనా రిపోర్టు రాస్తాను. ఇక నీకు అప్పూ పుట్టదు, ఈ బండీ ఉండదు.”

బండి పోతే ఇంట్లో నలుగురికి పస్తే. అయినా టీ గిన్నె అందుకుని తోమడం మొదలుపెట్టింది.

“మా ఆవిణ్ణి చూసి నేర్చుకో,” అన్నాడాయన. “నేనిచ్చే దాంట్లోనే ఇల్లు నడిపి, ఇద్దరు పిల్లల ఫీజులూ కడుతుంది. ఒక్క రూపాయి అప్పు లేదు, ఒక్క అబద్ధం లేదు.”

టీ బండి ఆమె పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆయనకు అంతుపట్టలేదు. కానీ ఆమె చూపు సందు మలుపు దాకా వెళ్లి రావడం కనిపెట్టాడు. అటే నడిచాడు.

ఎండగా ఉంది, గొడుగైనా లేదు, వెళ్లొద్దు బాబూ అంటూ ఆమె వెంటపడింది. గొడుగు మాటెత్తేసరికి ఆయనకు మరీ మండింది. పిడికి ఎర్ర తాడు చుట్టిన గొడుగు ఆయనకూ ఉండేది. నెల కిందట ఇంట్లోంచే మాయమైంది. పాలవాణ్ణి, పేపరువాణ్ణి, చివరికి పక్కింటాయన్ని కూడా అనుమానించడం అయిపోయింది.

మలుపు తిరగ్గానే కొత్త స్టవ్వు కనబడింది. ఒక పొయ్యి మీద గుడ్లు ఉడుకుతున్నాయి, రెండో దాని మీద ఆమ్లెట్టు. చుట్టూ జనం. ఎండకు అడ్డంగా వంచిన నల్ల గొడుగు ఆమ్లెట్టు వేస్తున్న ఆమె మొహాన్ని కప్పేసింది. దాని పిడికి ఎర్ర తాడు.

స్టవ్వుతో పాటు దొంగ కూడా దొరికిందనుకున్నాడు తనిఖీదారు.

“ఇంకొకరి పేరు చాటున దాక్కోవడం ఎందుకు? నీ పేరు మీదే మా సంఘంలో అప్పు తీసుకోవచ్చుగా?”

గొడుగు పక్కకు జరిగింది.

“ఉద్యోగుల భార్యలకు ఇవ్వకూడదని మీ రూలే కదండీ,” అంది వాళ్లావిడ, ఆమ్లెట్టు తిరగేస్తూ.