దుర్దోనా కంప్యూటరు

"ఆ గ్రాఫిక్స్ కార్డు పీకెయ్ నాయనా. దాని ధర వింటుంటేనే నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అంది ముసలావిడ.

జవ్లోన్‌కి ఒళ్ళు మండింది. తాష్కెంటు కంప్యూటర్ బజార్లో కొట్టు పెట్టి నాలుగేళ్ళయింది గానీ ఇలాంటి బేరం ఎప్పుడూ తగల్లేదు. గంటన్నరగా అతను కాగితం మీద రాసిన ప్రతి భాగాన్నీ ఆవిడ పుచ్చు వంకాయని ఏరినట్టు ఏరి అవతల పారేస్తోంది. ఎనభై లక్షల సోమ్‌లు దాటితే కొనేది లేదని భీష్మించుకు కూచుంది.

"అది కూడా తీసేస్తే ఇంకేం మిగులుతుంది మామ్మగారూ? రేకుడబ్బా మిగులుతుంది."

"ఆ డబ్బాకి మళ్ళీ రంగుదీపాలొకటి! అమ్మాయి పని చేసుకోవాలా, వాటిని చూస్తూ కూచోవాలా?"

"సరే తల్లీ, దీపాల్లేని డబ్బా ఇస్తాను. ర్యామ్ సగానికి తగ్గిస్తాను. ఇంతకీ ఆ అమ్మాయి చేసే పనేమిటో అదన్నా చెప్పండి."

"ఇళ్ళు గీస్తుంది. గోడలూ, కిటికీలూ, మెట్లూ అన్నీ తెరమీదే కట్టేస్తుంది. ఇప్పుడున్న పాత కంప్యూటర్లో ఒక్క మేడని ఇటునుంచి అటు తిప్పాలంటే ఈలోగా టీ కాచుకు తాగెయ్యొచ్చట. కాలవ అవతల రొట్టెలబట్టీ వీధిలో మా దుర్దోనా అంటే తెలియనివాళ్ళు లేరు."

జవ్లోన్ చేతిలో పెన్ను ఆగిపోయింది.

రొట్టెలబట్టీ వీధిలో ఇళ్ళు గీసే దుర్దోనా ఒక్కతే. ఆ పిల్లని తనకి అడగడానికి జవ్లోన్ వాళ్ళమ్మ రెండుసార్లు వెళ్ళొచ్చింది. రెండుసార్లూ టీ పోశారు, మిఠాయి పెట్టారు, "ఆలోచించుకుని చెబుతాం" అన్నారు. అదీ నెలన్నర కిందటి మాట. ఈ నెలన్నరగా జవ్లోన్‌కి తిండి సయించడం లేదు. ఫోను మోగితే చాలు, ఉలిక్కిపడుతున్నాడు. పొద్దున్న మెట్రోలో ఆమె ఎక్కిన పెట్టెలోకే పరుగెత్తుకెళ్ళి ఎక్కుతాడు. ఆమె దిగిపోయాక ఆ ఖాళీ సీటు చూస్తూ తన స్టేషను దాటిపోతాడు. అతనికి దుర్దోనా కావాలి. ఇంకేమీ అక్కర్లేదు.

ఇక్కడ ఆడపిల్లవాళ్ళు ఊరికే ఊఁ అనరు. అబ్బాయి వీధిలో వాకబు చేస్తారు. కొనేవాళ్ళలా కొట్టుకొచ్చి, వాడు కోపిష్ఠివాడో మోసగాడో చూసిపోతారు. పక్క కొట్టు తోహిర్‌కి కాబోయే మామగారు ఒకే చార్జరుని మూడుసార్లు మార్పించుకుపోయి, నాలుగోసారి పిల్లనిస్తానన్నాడు. 'కొంప మునిగింది! గంటన్నరగా నేను కసురుకుంటున్నది దుర్దోనా వాళ్ళ మామ్మనా!'

జవ్లోన్ గబగబా కుర్చీ తుడిచి వేశాడు. ఫ్లాస్కులోంచి గ్రీన్ టీ, పెద్దవాళ్ళకి పోసే మర్యాద ప్రకారం గిన్నెలో సగానికే పోసి, గుండెమీద చెయ్యి పెట్టుకుని అందించాడు.

"ఇందాకటి మాటలు మర్చిపోండి మామ్మగారూ. ఇళ్ళు గీసేవాళ్ళకి ర్యామ్ తగ్గించకూడదు. ప్రాసెసరూ గట్టిదే పడాలి."

"మరి నా ఎనభై లక్షలు?"

"ఒక్క సోమ్ దాటదు."

ఆవిడ టీ చప్పరిస్తూ అతన్ని ఎగాదిగా చూసింది. "తల్లీ తండ్రీ ఉన్నారా?"

"అమ్మ ఉంది. నాన్న పోయారు."

"తాగుడూ గీగుడూ?"

"ఈ టీయేనండీ."

"కొట్టు నీదేనా, అద్దెదా?"

"అద్దెదే. రెండేళ్ళలో కొనేస్తాను," అన్నాడు జవ్లోన్, బడిలో మేష్టారికి అప్పజెప్పినట్టు.

"ఊఁ. గ్రాఫిక్స్ కార్డు సంగతేం చేశావ్?"

జవ్లోన్ బల్లకింద ఉన్న తన సొంత కంప్యూటరు లాగి మూత విప్పాడు. ఏడాదిపాటు మధ్యాహ్నాలు ఒక్క సమ్సాతో కడుపు నింపుకుని కొనుక్కున్న కార్డు అది. మెల్లిగా ఊడదీసి, దుమ్ము ఊది, ఆవిడ కంప్యూటర్లో బిగించాడు. ప్రాణం కాస్త చివుక్కుమన్న మాట నిజమే. కానీ దుర్దోనా దీని మీద మేడలు తిప్పుతుంది. రేపెప్పుడో ఆ కంప్యూటరూ, ఆ పిల్లా తన ఇంట్లోనే ఉంటారు. తన కార్డు తన ఇంటికే వస్తుంది.

"దీనికెంత?"

"దీనికేం వద్దండి. అమ్మాయి హాయిగా గీసుకుంటే చాలు."

ముసలావిడ కళ్ళు చెమర్చాయి. "ఈ రోజుల్లో ఇలాంటి పిల్లలు కూడా ఉన్నారా! నిన్ను కన్నతల్లి అదృష్టవంతురాలు నాయనా."

ఆ మాటతో జవ్లోన్ కాళ్ళు నేల మీద ఆనలేదు. కంప్యూటర్ని తనే మోసుకెళ్ళి టాక్సీలో పెట్టాడు, అటూ ఇటూ ఊగకుండా తన కోటు మడిచి ఆసరా పెట్టాడు. ఆవిడ లోపల కూచుని, రెండు అరచేతులూ పైకెత్తి మనసారా దీవించింది.

"వచ్చే నెల పెళ్ళినాడు పొద్దుటి పలావు విందుకి నువ్వుండాలి. నువ్వొచ్చేదాకా ఎవర్నీ గరిటె ముట్టుకోనివ్వను."

జవ్లోన్‌కి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. నెలన్నర దిగులు ఒక్క క్షణంలో ఎటు పోయిందో తెలియలేదు.

"నేను లేకుండా ఎలా అవుతుందిలెండి మామ్మగారూ," అన్నాడు తల వంచుకుని. "మరి, మా అమ్మకి కబురు మీరు చెబుతారా, నన్నే చెప్పమంటారా?"

"ఆవిడనీ వెంటబెట్టుకు రా, దానికేం!" కదులుతున్న టాక్సీలోంచి తల బయటపెట్టి అంది ముసలావిడ. "మా మనవడికి దుర్దోనాని ఖాయం చేసుకుని నిన్ననే రెండిళ్ళవాళ్ళం రొట్టె విరిచాం, ఈ కంప్యూటరే కొత్త కోడలికి నా చదివింపు!"