బదులుకు బదులు

"అల్జీమర్స్ రాకుండా దినామూ నడవాల, బీపీ చూపించుకోవాల, నలుగురితో మాట్లాడాల" అని బంగారు గనుల ఊరు కోరమండల్‌లోని చర్చి హాల్లో ముసలివాళ్లకు చెప్పి, నర్సు నాన్సీ ముందు వరసలోని అమృతరాజును లేచి నిలబడమంది. "పొద్దున ఏం తిన్నావు తాతా?"

"పెండ్లాం తిట్లు. చట్నీ కూడా వెయ్యలేదమ్మా!"

హాలు గొల్లుమంది.

"ఈ దినం ఏ వారం?"

"గని మూసినప్పట్నుంచి అన్నీ ఆదివారాలే!"

పక్కనున్న భార్య ఎస్తరమ్మ మాత్రం నవ్వలేదు. ఈమధ్య ఇంట్లో ఏది అడిగినా బదులుకు బదులు జోకే వస్తోంది.

"నా పేరు చెప్పు చూద్దాం" అంది.

అమృతరాజు ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. "పేరు పెట్టి పిలిచే ధైర్యం నాకు యాడుండాదమ్మా!"

చప్పట్లు మోగాయి. నలభై ఏళ్లుగా "ఎస్తరూ" అని వీధంతా వినబడేలా పిలిచిన మనిషి అతను.

జబ్బు రాకుండా ఏం చేయాలో రాసి నర్సు పంచిన కాగితాన్ని ఎస్తరమ్మ మడిచి మడిచి గుప్పిట్లో దాచేసింది.